చిన్నపిల్లలకు దయ్యాల పాటల బొమ్మల పుస్తకాలు చదివి వినిపించడం ఎలా

మంచం కింద అలికిడి, చింతచెట్టు మీద గుడ్లగూబ, దారి తప్పిన దయ్యం పిల్ల, అటక మీద దాక్కున్న బూచి: ఇలాంటివాటిని ప్రాసలతో నడిపించే బొమ్మల పుస్తకాలు ఇప్పుడు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ దొరుకుతున్నాయి. పిల్లలు భయపడతారేమోనని కొందరు తల్లిదండ్రులు వాటిని ముట్టుకోరు. మరికొందరు లోపల ఏముందో చూడకుండానే పిల్లల చేతికిచ్చేస్తారు. మూడేళ్ళ నుండి ఏడేళ్ళ లోపు పిల్లలకు ఈ పుస్తకాలను ఎలా చదివి వినిపిస్తే భయం ఒక ఆటగా మిగులుతుందో చెప్పడమే ఈ వ్యాసం పని.

ఈ పుస్తకాలలో ప్రాస అలంకారం కోసం మాత్రమే ఉండదు. పిల్లలు ఆటకు ముందు నేల మీద గిరి గీసుకున్నట్టే, ప్రాస భయం చుట్టూ ఒక గిరి గీస్తుంది. మొదటి పాదం విన్న చెవికి రెండవ పాదం ఏ శబ్దంతో ముగుస్తుందో ముందే కొంత తెలిసిపోతుంది కనుక, చీకట్లో ఏమున్నా పాట మాత్రం సరిగ్గా అక్కడికే వచ్చి ఆగుతుందన్న నమ్మకం కలుగుతుంది. 1947లో మొదలైన చందమామ పత్రికలో దశాబ్దాల పాటు నెలనెలా వచ్చిన బేతాళ కథలను తలచుకోండి. భుజాన శవాన్ని వేసుకుని శ్మశానంలో నడిచే రాజు కథను పిల్లలు నిశ్చింతగా చదువుకోగలిగారంటే, ప్రతి కథా ఒకే తీరుగా మొదలై ఒకే తీరుగా ముగియడం అందుకు ఒక కారణమని నా అభిప్రాయం. గిరి ఎక్కడుందో పిల్లవాడికి తెలియాలి, పేజీ తిప్పే అధికారం పిల్లవాడికే ఉండాలి. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ రెండింటి కోసమే.

పుస్తకాన్ని చివరి నుండి చూడండి

కొనేముందు, లేదా గ్రంథాలయం నుండి తెచ్చేముందు, చివరి రెండు పేజీలు చదవండి. భయపెట్టిన వస్తువు చివరికి ఏమయింది? తీగ మీద ఆరేసిన తువ్వాలో, పాలకోసం వచ్చిన పిల్లికూనో అని తేలిందా, లేక నిజంగానే దయ్యమై ఉండి స్నేహం చేసిందా? ఈ రెండూ చిన్నపిల్లలకు సరిపోతాయి. ఏమీ తేల్చకుండా తలుపు కిర్రుమన్న చోట ఆగిపోయే పుస్తకం పెద్దల దృష్టిలో గొప్పదే కావచ్చు కానీ, నాలుగేళ్ళ పిల్ల ఆ తలుపును తనతో పాటు పడక మీదకు తీసుకువెళుతుంది. అటువంటి పుస్తకాన్ని ఏడేళ్ళు దాటేవరకు పక్కన పెట్టవచ్చు.

తరువాత బొమ్మలు చూడండి. రక్తం, చీల్చే కోరలు, ఏడుస్తున్న పిల్లల ముఖాలు ఉన్నవాటిని వదిలేయండి. ప్రతి పేజీలో ఎక్కడో ఒకచోట దీపం వెలిగే కిటికీ, అమ్మ చెయ్యి, నిద్రపోతున్న కుక్కపిల్ల వంటి ఒక భద్రమైన చోటు గీసిన చిత్రకారులు పిల్లల మనసు తెలిసినవారు. భయం ఎక్కువైనప్పుడు పిల్లల చూపు అక్కడికి వెళ్ళి నిలుస్తుంది. మూడు, నాలుగేళ్ళ వారికైతే దయ్యమే భయపడే కథలు అన్నిటికన్నా బాగా నప్పుతాయి. ఇంట్లో అందరికన్నా చిన్నదైన తనకన్నా పిరికివాళ్ళు ఒకరున్నారని తెలియడం పిల్లలకు ఎంత ఆనందమో చదివి చూస్తే మీకే తెలుస్తుంది.

బొమ్మల పుస్తకాలు ఎక్కువగా ముప్పై రెండు పేజీలు ఉంటాయి. పెద్ద కాగితాలను మడిచి కత్తిరించే ముద్రణ పద్ధతి వలన ఆ లెక్క స్థిరపడింది. మూడేళ్ళ పిల్లలకు అది కాస్త ఎక్కువే కాబట్టి, పేజీకి రెండు పాదాలకు మించని పుస్తకాన్ని ఎంచుకోండి, లేదా సగంలో ఆపడానికి సిద్ధపడండి.

ఎక్కడ వెతకాలి అంటే, ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వేదికలో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, చదివే స్థాయిని బట్టి విడివిడిగా ఉంటాయి, అచ్చు వేసుకోవచ్చు కూడా. చెన్నైకి చెందిన తూలిక ప్రచురణలలో తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కనే ఉండే పుస్తకాలున్నాయి. ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ వేసిన పుస్తకాలను కూడా చూడండి. విశాఖలో ఉన్నవారు ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళి అడగవచ్చు. పుస్తకాన్ని పిల్లవాడే అరలోంచి తీయడం వేరు, మనం తెచ్చి ఇవ్వడం వేరు.

ఇంగ్లీషు పుస్తకాలలో అక్టోబరు 31న పాశ్చాత్య దేశాలలో జరుపుకొనే హాలోవీన్ పండుగ వాతావరణం తరచు కనిపిస్తుంది. ముఖం చెక్కిన గుమ్మడికాయలు, చీపురు మీద ఎగిరే మంత్రగత్తెలు మన పిల్లలకు కొత్త అనుకుంటాం కానీ, అంత కొత్తేమీ కాదు. విశాఖలోని మధురవాడ వైపు కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్ల ముందు మిడిగుడ్లతో, కోరమీసాలతో వేలాడే దిష్టిబొమ్మలను వారు బడి బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడికాయ ఎందుకో అడిగే ఉంటారు. పుస్తకంలోని గుమ్మడికాయను వీటితో కలిపి చూపిస్తే కథ సగం అర్థమైనట్టే. నా మటుకు నాకు ఆ మిడిగుడ్ల దిష్టిబొమ్మే పుస్తకాలలోని ఏ దయ్యం కన్నా భయంకరంగా కనిపిస్తుంది!

ముందు మీరొక్కరే పైకి చదవండి

పిల్లల ముందు తడబడితే నవ్వు వస్తుంది, భయం రాదు. అందుకని పుస్తకాన్ని ముందుగా ఒంటరిగా, పైకి, చప్పట్లు కొడుతూ చదవండి. తెలుగు బాలగేయాలు చాలావరకు నాలుగేసి మాత్రల నడకలో సాగుతాయి. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరాన్ని పలకడానికి పట్టే కాలం, దీర్ఘాక్షరానికి రెండు మాత్రలు. నాలుగు మాత్రలకు ఒక చప్పట వేస్తే పాదానికి నాలుగు చప్పట్లు పడతాయి. మూడు, నాలుగు మాత్రలను కలిపి నడిపితే వచ్చే నడక వేరు. విశాఖకు ఎంతో దూరం లేని విజయనగరంలో జీవితం గడిపిన గురజాడ అప్పారావు 1910లో ముత్యాల సరాలను ఆ నడకలోనే కూర్చారు, కాస్త ఊగుతూ నడిచే ఆ తీరు రాత్రి కథలకు బాగా కుదురుతుంది. చప్పట ఎక్కడ తప్పుతుందో అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, ఏ అక్షరాన్ని సాగదీయాలో నిర్ణయించుకోండి. అనువాదమైన పుస్తకాలలో ప్రాస కోసం మాటలను అసహజంగా వంచిన చోట్లు ఉంటాయి. అక్కడ మీ ఇంటి మాట ఒకటి వేసుకుంటే తప్పేమీ లేదు.

ఇంగ్లీషు ప్రాసల పుస్తకమైతే ఒక పాదం చదివి దాని అర్థం చెప్పి మరో పాదం చదివే అలవాటును మానుకోండి. అలా చేస్తే ప్రాసా తెగిపోతుంది, అది గీసిన గిరీ చెరిగిపోతుంది. పేజీ మొత్తం ఇంగ్లీషులోనే లయతో చదివి, ఆ తరువాత బొమ్మ మీద వేలు పెట్టి తెలుగులో మాట్లాడుకోండి. అర్థంకాని మాటలున్నా పిల్లల చెవి నడకను పట్టుకుంటుంది.

వేళ, చోటు, కూర్చునే తీరు

ఈ పుస్తకం నిద్రకు ముందు చదివే చివరి పుస్తకం కాకూడదు. చలికాలంలో విశాఖలో సాయంత్రం అయిదున్నరకే పొద్దు గుంకుతుంది. వీధిదీపాలు వెలిగి, వంటింట్లో కుక్కరు కూతలు వినిపించే ఆ వేళ దీనికి తగినది. బయట చీకటి ఉంటుంది, ఇంట్లో మనుషులు తిరుగుతూ ఉంటారు. పడుకునేటప్పుడే చదవక తప్పకపోతే దయ్యం పుస్తకాన్ని ముందు చదివి, దాని తరువాత ఆవుదూడ గురించో చేపపిల్ల గురించో ఒక నెమ్మది పుస్తకం చదివి దీపం ఆర్పండి.

కూర్చునే తీరును చాలామంది పట్టించుకోరు. ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే పిల్లకు పుస్తకం కనిపిస్తుంది కానీ మీ ముఖం కనిపించదు. ఇది భయపడవలసిన విషయమా కాదా అన్నది చిన్నపిల్లలు తమకు నమ్మకమైన పెద్దవారి ముఖం చూసి తేల్చుకుంటారు. అందువలన ఆమె వీపు గోడకో దిండుకో ఆనేటట్టు కూర్చోబెట్టి, మీరు కాస్త ఏటవాలుగా పక్కన కూర్చుని, ఆమె కళ్ళెత్తితే మీ ముఖం వెంటనే కనిపించేలా చూసుకోండి. వీపు వెనుక ఖాళీ గది, తెరిచిన తలుపు ఉండకూడదు. పెద్ద దీపం వెలుగుతూనే ఉండాలి, చీకటి పుస్తకంలో ఉంటే చాలు.

వన్‌టౌన్ వైపు ఇళ్ళలో ఓడరేవు నుండి ఓడ కూతలు వినిపిస్తాయి, బీచ్‌రోడ్డు వైపు గాలికి కిటికీ రెక్కలు కొట్టుకుంటాయి. చదువుతుండగా అటువంటి శబ్దం వస్తే ఆగి, అది ఏమిటో పిల్లనే చెప్పమని అడిగి, ఆ తరువాత కొనసాగించండి. శబ్దానికి పేరు పెట్టడం కూడా ఈ ఆటలో భాగమే.

మొదటిసారి చదివేటప్పుడు

అట్ట మీది బొమ్మను తీరికగా చూడనివ్వండి. మూడేళ్ళ వారికి కథ ఎలా ముగుస్తుందో ముందే చెప్పేయండి. ముగింపు తెలిస్తే పెద్దవాళ్ళకు కథ చప్పగా అనిపిస్తుంది, చిన్నపిల్లలకు మాత్రం అదే ధైర్యం. అయిదేళ్ళు దాటినవారికి చెప్పనక్కరలేదు, అడిగితే మాత్రం దాచవద్దు.

ఇక పేజీ తిప్పడం. బొమ్మల పుస్తకంలో భయమంతా పేజీ మడతలోనే ఉంటుంది. ‘తలుపు వెనుక ఎవరున్నారంటే’ అని కుడివైపు పేజీ ముగుస్తుంది, జవాబు తరువాతి పేజీలో ఉంటుంది. ఆ పేజీని మీరు తిప్పకండి. పేజీ మూలను పిల్ల చేతికిచ్చి, ‘నువ్వు సిద్ధమయ్యాక తిప్పు తల్లీ’ అని చెప్పి ఆగండి. కొందరు వెంటనే తిప్పుతారు, కొందరు వేళ్ళ సందులోంచి చూస్తూ తిప్పుతారు, కొందరు వెనక్కి తిప్పి కిందటి పేజీలోని దీపం ఇంకా వెలుగుతోందో లేదో చూసుకుంటారు. తొందరపెట్టకుండా వేచి ఉండటం పెద్దలకు కష్టమే. ఒక పేజీని వదిలేద్దామంటే వదిలేయండి. చాలామంది పిల్లలు ఆ పేజీని మూడవసారో నాలుగవసారో తామే అడిగి చూస్తారు.

గొంతు పెంచవద్దు, తగ్గించండి. నెమ్మదిగా, గుసగుసకు కొంచెం పైన ఉండే స్వరంతో చదివి, పాదం చివర ప్రాస పడే మాట దగ్గర ఆగితే ఆ మాటను పిల్లే అందిస్తుంది. భయం పుట్టించే పాదాన్ని తన నోటితో తానే పూర్తిచేసిన పిల్లకు ఆ పాదం మీద పట్టు దొరుకుతుంది. ఉన్నట్టుండి ‘భౌ’ మని అరిచి బెదరగొట్టడం మొదటి చదువులో చేయకూడదు. బాబాయిలకు, మేనమామలకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి.

ప్రాస మాటను పిల్లలతో పలికించడంలో మరో లాభం ఉంది. నాలుగైదేళ్ళ వయసులో ప్రాసలను గుర్తించగలిగే నేర్పుకూ, ఆ తరువాత చదవడం, రాయడం నేర్చుకోవడానికీ సంబంధం ఉందని బ్రాడ్లీ, బ్రయంట్ అనే పరిశోధకులు 1983లో ఇంగ్లీషు పిల్లలపై చేసిన అధ్యయనంలో చూపారు. పుస్తకాన్ని కేవలం వినిపించడం కంటే ప్రశ్నలు అడుగుతూ పిల్లలనే కథ చెప్పేవారిగా మార్చడం వారి మాటను పెంచుతుందని 1988లో వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు నిరూపించారు. ఆ ప్రశ్నలు పరీక్షలా ఉండకూడదు. ‘ఇది ఏ రంగు’ అని అడగకుండా, ‘దయ్యం పిల్ల ఎందుకు ఏడుస్తోంది, నువ్వైతే దానికి ఏం పెట్టేదానివి’ అని అడిగి చూడండి.

మళ్ళీ మళ్ళీ, తరువాత సొంతంగా

నచ్చితే అదే పుస్తకాన్ని వరుసగా రోజూ అడుగుతారు. విసుగు పడకుండా చదవండి. ఒకసారి విన్న దయ్యం కంటే పదిసార్లు విన్న దయ్యం చిన్నది. పాట నోటికి వచ్చాక పాత్రలు మార్చుకోవచ్చు: పిల్లవాడు దయ్యం, మీరు భయపడేవారు. కరెంటు పోయిన సాయంత్రం టార్చిలైటుతో గోడ మీద చేతి నీడలు వేస్తూ అదే పాటను పుస్తకం లేకుండా చెప్పుకోవచ్చు.

ఆ తరువాత మీ ఊరిలోనే దయ్యాన్ని పుట్టించండి. నాలుగు మాత్రల నడకలో, పాదానికి నాలుగు చప్పట్లతో, విశాఖలోని డాల్ఫిన్ నోస్ కొండ మీద ఇలా ఒకటి మొదలుపెట్టవచ్చు:

డాల్ఫిన్ కొండన దయ్యం పిల్ల
ఓడ కూతకే ఒణికే పిల్ల
దుప్పటి లోపల దూరిందంట
కాళ్ళే బైటకు కనబడెనంట

ఇక్కడ ఆగి, తరువాతి రెండు పాదాలను పిల్లలను కట్టమనండి. మాత్రలు తప్పినా, అర్థం లేకపోయినా దిద్దవద్దు, ‘అంట’ తో ముగిస్తే చాలు. అమ్మమ్మ పక్కనే ఉంటే దయ్యం కాళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయని తప్పకుండా చెబుతుంది. అది కూడా పాటలో చేర్చుకోండి. ఆ కాళ్ళకు చెప్పులు ఎలా తొడగాలన్న చర్చ ఆ పూటకు సరిపోతుంది. పాట పూర్తయ్యాక తెల్ల కాగితాలను మధ్యకు మడిచి కుట్టి, బొమ్మలు పిల్లలతోనే వేయించితే ఇంట్లో ఒక కొత్త పుస్తకం తయారవుతుంది. ప్రశ్న కుడివైపు పేజీలోనూ, జవాబు తిప్పాక వచ్చే పేజీలోనూ పడేటట్టు మాత్రం మీరు చూడండి.

అన్నం దగ్గరకు దయ్యాన్ని పిలవకండి

ఇందులో నేను ఏమాత్రం సడలింపు ఇవ్వను. ‘తినకపోతే పుస్తకంలో బూచి వస్తుంది’, ‘పడుకోకపోతే దయ్యానికి చెబుతాను’ అన్న రోజున ఆ పుస్తకం పని అయిపోయినట్టే. అంతవరకు పేజీల మధ్య ఉన్న దయ్యానికి మీరే గిరి దాటించి, పిల్ల చేతిలోని అధికారాన్ని మీ చేతిలోకి తీసుకున్నట్టవుతుంది. ఆ తరువాత ప్రాస ఎంత బాగున్నా చెవి దానిని నమ్మదు. ఇంట్లో పెద్దవారికి ఇది అలవాటైన మాట కాబట్టి వారిని నొప్పించకుండా చెప్పుకోవాలి. ‘అత్తయ్యగారూ, పుస్తకంలో దయ్యం పిల్ల దీని స్నేహితురాలండీ, అన్నం దగ్గర దాని పేరు ఎత్తకండి, కావాలంటే మీరే ఆ కథ ఒకసారి చదివి వినిపించండి’ అని పుస్తకాన్ని వారి చేతిలో పెట్టడం నేను చూసినంతలో బాగా పనిచేసే ఉపాయం. చదివి వినిపించే పని అప్పగించాక బెదిరించే అవసరం వారికీ ఉండదు.

నిజంగానే భయపడితే

పుస్తకం మూసేయండి. ‘ఇంతదానికేనా’ అని నవ్వవద్దు, అన్నయ్యలను నవ్వనివ్వవద్దు. దయ్యాలు లేవని ఉపన్యాసం ఇవ్వడం వలన పెద్దగా ఫలితం ఉండదు, ఎందుకంటే మూడు నుండి ఆరేళ్ళ మధ్య ఊహకూ నిజానికీ మధ్య గీత పిల్లలకు ఇంకా స్థిరపడుతూ ఉంటుంది. ‘ఆ పేజీ భయంగా ఉంది కదా’ అని భయానికి పేరు పెట్టి, పుస్తకాన్ని ఈ రాత్రికి ఎక్కడ ఉంచాలో పిల్లనే నిర్ణయించమనండి. హాలులో టీవీ కింద అంటే అక్కడే, బీరువాలో తాళం వేసి అంటే అలాగే. మరునాడు పగటి వెలుగులో ఆ బొమ్మను కాగితం మీద వేయమని, దానికి నచ్చిన టోపీ పెట్టమని అడగవచ్చు, కాదంటే వదిలేయాలి.

రాత్రి లేచి ఏడిస్తే అది ఏ రకమో గమనించండి. పీడకల సాధారణంగా తెల్లవారుజాము వైపు వస్తుంది. పిల్ల పూర్తిగా మేలుకుని, కలను గుర్తుపెట్టుకుని, మిమ్మల్ని కౌగిలించుకుంటుంది. నిద్రపోయిన మొదటి కొద్ది గంటల్లోనే కళ్ళు తెరిచి అరుస్తూ, మిమ్మల్ని గుర్తుపట్టకుండా, పొద్దున్నే ఏమీ గుర్తులేదంటే అది కల కాదు, గాఢనిద్రలోంచి సగం మేలుకోవడం. దానికి పిల్లను కుదిపి లేపకూడదు, దెబ్బ తగలకుండా చూస్తూ పక్కన ఉంటే చాలు. భయం వారాల తరబడి నిద్రను, ఆటను చెడగొడుతుంటే పిల్లల వైద్యుడిని కలవండి.

కొన్ని రోజులు ఈ పుస్తకాలకు తగినవి కావు. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు, పిల్లవాడు ఆసుపత్రి నుండి వచ్చినప్పుడు, తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు వాటిని అటక ఎక్కించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన తరువాత ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉంది. అటువంటి చీకటికి గిరి గీయగల ప్రాస లేదు.

చీకటిని చూడటానికి బొర్రా వెళ్ళండి

పుస్తకంలో గబ్బిలాన్ని ఇష్టపడ్డ పిల్లకు అసలు గబ్బిలాన్ని చూపించండి. సాయంత్రం పూట పండ్లున్న చెట్ల చుట్టూ తిరిగేవి పండ్లు తిని గింజలను దూరాన వదిలే జీవులని, గుడ్లగూబ ఎలుకలను తిని మనకు మేలు చేస్తుందని చెబితే ఆ రెండూ కథలోంచి లోకంలోకి వస్తాయి. కాస్త పెద్ద పిల్లలైతే విశాఖ నుండి పొద్దున్నే బయలుదేరే కిరండూల్ రైలులో బొర్రా గుహలకు తీసుకువెళ్ళండి. అనంతగిరి కొండలలో ఆ మార్గం పొడవునా వరుసగా సొరంగాలు వస్తాయి. పెట్టె చీకటైనప్పుడు పిల్లలందరూ కేకలు వేస్తారు. మీరు మీ పాట మొదటి పాదం ఎత్తుకుంటే, వెలుగు వచ్చేలోపు ఎన్ని పాదాలు అవుతాయో లెక్కపెట్టే ఆట మొదలవుతుంది. గుహలో నేల తడిగా, జారుడుగా ఉంటుంది కాబట్టి పట్టున్న బూట్లు వేయించండి, చిన్న టార్చిలైటు ఒకటి పిల్లల చేతికే ఇవ్వండి, గబ్బిలాలు కనిపించినా వాటి మీదకు వెలుగు వేయవద్దని, అరవవద్దని లోపలికి వెళ్ళకముందే చెప్పండి.